వినకుండా వదిలేసిన ఆరు చుట్లు

నేను ఒక గ్రామఫోను రికార్డుని. పన్నెండంగుళాల వెడల్పు, నల్లటి ఒళ్ళు, నడుమ ఆకుపచ్చ కాగితం బొట్టు. ఒకసారి మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దావిడ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, “గట్టి పళ్ళెమే, వడియాలు పెట్టుకోవచ్చు” అంది. మా యజమాని ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

నా బతుకులో ముప్పాతిక వంతు నిద్రే. అట్ట తొడుగులో నిలువుగా నిలబడి నిద్రపోతాను. నిద్రలోనే ఇంట్లో మాటలు లీలగా వినిపిస్తుంటాయి. ఎప్పుడో ఎవరో నన్ను బయటికి తీసి, తిప్పి, ముల్లు ఆనించినప్పుడు కల మొదలవుతుంది. నాకున్నది ఒకటే కల. రెండు వైపులా కలిపి నలభై నిమిషాలు. మనుషులకి వచ్చిన కలే మళ్ళీ మళ్ళీ వస్తే డాక్టరు దగ్గరికి పరిగెడతారట. నాకు అదే ఉద్యోగం.

ఆ కల ఇది. వాల్తేరు రైల్వే కాలనీలో పెద్ద హాలు. పంతొమ్మిది వందల అరవై మూడు, డిసెంబరు నెల, సాయంత్రం ఆరు గంటలు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక పక్క నుంచి సముద్రపు గాలి, ఇంకో పక్క నుంచి యార్డులో షంటింగు చేసే ఇంజన్ల బొగ్గు వాసన. కలకత్తా హోటళ్ళలో వాయించే ఒక జాజ్ బృందం మద్రాసు వెళ్తూ దారిలో ఇక్కడ దిగింది. పెద్దాయన లియో డిమెల్లో ట్రంపెట్టు వాయిస్తాడు. మిగతావాళ్ళు పియానో, డ్రమ్ములు, నిలువెత్తు తీగల బేసు. వాళ్ళతో పాటు కలకత్తా రికార్డుల కంపెనీ మనిషి ఒకాయన టేపు మిషను మోసుకొచ్చి, స్తంభం పక్కన కూర్చున్నాడు. హాలు నిండా గార్డులు, డ్రైవర్లు, వాళ్ళ ఇంటివాళ్ళు. పూల గౌన్లు, పౌడరు వాసన, చెక్క నేల మీద బూట్ల చప్పుడు. ఇవన్నీ నా గీతల్లో ఉన్నాయి, వినగలిగే చెవి ఉండాలి గానీ.

రెండో వైపు మూడో పాట నిదానమైనది. అందులో లియో డిమెల్లో ఒక స్వరాన్ని పట్టుకుని, సన్నగా, ఇంకా సన్నగా లాగుతూ పోయి, చటుక్కున ఆపేస్తాడు. హాలంతా ఊపిరి బిగబట్టుకున్న ఆ ఖాళీలో, పక్క గుమ్మం వైపు నుంచి ఒక గొంతు ఖంగుమంటుంది.

“ఆహా!”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. జాజ్ కచేరీకి ఒక ఆచారం ఉంది. ఒక్కొక్కరు తమ వంతు వాయించడం పూర్తి చేశాక చప్పట్లు కొడతారు, ఈలోపు నోరెత్తరు. మన హరికథలకీ పాటకచేరీలకీ ఇంకో ఆచారం ఉంది. మంచి సంగతి పడితే పడిన చోటే “ఆహా” అనాలి. అనకపోతే పాడేవాడు చిన్నబుచ్చుకుంటాడు. ఆ హాల్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి మొదటి ఆచారం ఒక్కటే తెలుసు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి రెండోది ఒక్కటే తెలుసు. ఆ “ఆహా” తర్వాత ఏం జరిగిందో నాకు తెలుసు. చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

కలకత్తాలో నన్ను అచ్చువేసే రోజున ఆ టేపు విన్న ఇంజనీరు ఈ చోటు రాగానే కత్తెర తీశాడు. మళ్ళీ పక్కన పెట్టేశాడు. ఎందుకు మనసు మార్చుకున్నాడో తెలియదు, భోజనానికి వేళైందనుకుంటాను. వేడి వేడి నల్లటి ముద్దని రెండు ఇనప పలకల మధ్య పెట్టి నొక్కితే నేను పుట్టాను. మూడు వందల మందిమి పుట్టాం. ‘వాల్తేరులో ఒక సాయంత్రం’ అని పేరు పెట్టి మా అందరికీ ఒకే రకం అట్ట తొడిగారు. మాలో సగానికి పైగా అమ్ముడుపోక తిరిగి ముద్దలైపోయారని విన్నాను.

మొదట నన్ను కొన్నది వాల్తేరు రైల్వే కాలనీలో పియానో నేర్పే మిసెస్ రొజారియో. ఆవిడ దగ్గర ఉన్నది ఒక్క ఏడాదే అయినా ఆ ఏడాది హాయిగా గడిచింది. రికార్డులంటే ఆవిడకి భక్తీ లేదు, భయమూ లేదు. వంటింట్లో కూర కలుపుతూనే నన్ను పెట్టేది, గరిట చేత్తో పట్టుకునే నాట్యం చేసేది. నా మీద ఒకసారి పులుసు చుక్క పడితే గౌను అంచుతో తుడిచేసింది. “ఆహా” దగ్గరికి రాగానే పకపకా నవ్వేది. తర్వాత ఆవిడ చెల్లెలి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామానంతా వరండాలో పరిచి అమ్మేసింది. అక్కడే నన్ను పేడాడ త్రినాథం చూశారు.

అప్పుడాయనకి ఇరవై ఏడేళ్ళు. కాలేజీలో ఫిజిక్సు ప్రయోగశాల చూసుకునేవారు. ఊళ్ళో అందరూ మాస్టారనే పిలిచేవారు. చదువుకునే రోజుల్లో హాస్టలు డాబా మీద రేడియో తిప్పుతుంటే షార్ట్‌వేవ్‌లో గరగరల మధ్య ఎక్కడిదో ఒక ట్రంపెట్టు వినిపించిందట. అంతే, మనిషి మరి మామూలు కాలేదు. మా మీద పడ్డారు. పోర్టులో ఓడ దిగిన నావికుల దగ్గర, కాలనీ ఖాళీ చేసే కుటుంబాల దగ్గర, కలకత్తా పాతసామాన్ల వాళ్ళ దగ్గర ఏరి ఏరి నాలుగు వందల పన్నెండు రికార్డులు పోగేశారు.

ఆయన దగ్గరికి రావడమంటే మఠంలో చేరడమే. నన్ను ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు. ప్రయోగశాల నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటరుతో, ఉతికిన మల్లుగుడ్డతో తుడిచేవారు. అంచులు తప్ప ఎక్కడా వేలు తగలనిచ్చేవారు కాదు. ఒక రికార్డుని ఒకసారి పెడితే మళ్ళీ మూడు నెలల దాకా పెట్టరు, గీతలు అరిగిపోతాయని. గాలిలో తేమ ఉన్న రోజు అసలు పెట్టరు. విశాఖపట్నంలో తేమ లేని రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి. వినడం కోసం కొన్న మనిషి వినకుండా కాపాడుకోవడంలో పడిపోతాడు. ఈ జబ్బు రికార్డులు పోగేసే వాళ్ళందరికీ ఉంటుందని అలమరలో మా పక్కవాళ్ళు చెప్పుకునేవారు.

ముల్లు ఉండే ప్లేయరు చెయ్యిని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. పెళ్ళయి వచ్చిన హైమావతి గారికి మొదటి రోజే చెప్పిన మాట అదేనట. “బీరువా తాళాలు ఇచ్చారు, జీతం ఇచ్చారు, ఆ చెయ్యి మాత్రం ఇవ్వలేదు” అని ఆవిడ పక్కింటి వాళ్ళతో నవ్వుతూ చెప్పేవారు.

ఇక కచేరీలంటే ఆయనకి పడదు. ఒక్కసారి, పెళ్ళికి ముందు, పేరున్న బృందం వస్తోందని రాత్రంతా రైలెక్కి మద్రాసు వెళ్ళారు. అక్కడ గంటంబావు ఉపన్యాసాలు, అరగంట శాలువాలు. మైకు కీచుమంటోంది. వెనక వరసలో ఒకాయన వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. తీరా పాట అందుకునేసరికి పక్కాయన ఈయన భుజం తట్టి టైమెంతని అడిగాడు. ఈయన లేచి వచ్చేశారు. ఆ రోజు నుంచి ఆయన ఎవరు పిలిచినా ఒకటే మాట అనేవారు.

“కచేరీ అంటే ఏంటండీ? చెమట, దగ్గు, సన్మానం. వీటి మధ్య ఎక్కడో సంగీతం ఇరుక్కుని ఉంటుంది. మా ఇంటికి రండి, ఒట్టి సంగీతమే వినిపిస్తాను.”

అటువంటి మనిషి, నన్ను ఇంటికి తెచ్చుకున్న రోజు, చేతులు కడుక్కుని, తలుపులు మూసి, కళ్ళు మూసుకుని రెండో వైపు పెట్టారు. మూడో పాటలో ఆ సన్నటి స్వరం వచ్చింది. ఆయన మొహం చూసి నాకే ముచ్చటేసింది. అంతలో “ఆహా!” వచ్చింది. తేలు కుట్టినట్టు లేచి ముల్లు ఎత్తేశారు.

“మొద్దు వెధవ!” అన్నారు. ఆయన నోటివెంట అంత మాట నేను మళ్ళీ వినలేదు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ స్వరం సన్నబడుతుండగా లేచి నిలబడేవారు. అది ఆగీ ఆగకముందే చెయ్యి ఎత్తి, గోరంచు పాటి జాగా దాటించి, అవతల సుతారంగా దింపేవారు. ఆరు చుట్లు, మీ లెక్కలో పదకొండు సెకన్లు. ఎంత గురి కుదిరిందంటే, దింపిన చోటే దింపేవారు, వెంట్రుకవాసి తేడా రాదు. ఆ ఆరు చుట్లలో “ఆహా” ఒక్కటే ఉందని ఆయన నమ్మకం. “ఆహా”కి ఒక చుట్టు కూడా పట్టదు. మిగతా అయిదు చుట్లలో ఏముందో చెప్పడానికి నాకు నోరు లేదు. ముల్లు ఉంటేనే నాకు మాట. ఆ ముల్లునే ఆయన దాటించేస్తున్నారు.

“అంత మంచి పాటని కాలవ గెంతించినట్టు గెంతించడమేంటండీ?” అని హైమావతి గారు అడిగేవారు.

“అది పాట కాదు హైమా. ఎవడో మొద్దు అరుపు. నాకీ రికార్డు ప్రాణం, ఆ మచ్చ ఒక్కటి లేకపోతే.”

స్నేహితులకి క్యాసెట్లు చేసి ఇచ్చినప్పుడు కూడా ఆ పదకొండు సెకన్లు తీసేసే ఇచ్చారు. నలభై మూడేళ్ళు ఇలాగే గడిచాయి. ఆయన రిటైరయ్యారు, జుట్టు నెరిసింది, కుడిచెయ్యి కొంచెం వణకడం మొదలైంది. మూడు నెలల నియమం కూడా నా విషయంలో మెల్లగా సడలింది, నెలకోసారి, వారానికోసారి అయింది. నా ఒళ్ళు బూడిద రంగుకి తిరిగింది, చిటపటలు వచ్చాయి. ఎత్తే చోటా దింపే చోటా గీతల గట్లు తెగాయి. ఆ ఆరు చుట్లు మాత్రం కొత్తగా అచ్చువేసినట్టు నల్లగా నిగనిగలాడుతూ ఉండిపోయాయి. వెలుతురుకి పట్టుకుని చూస్తే నా ఒంటి మీద సన్నటి నల్లపూసల దండ వేసినట్టుండేది.

ఇంతలో ఒక పత్రిక వాళ్ళు వచ్చారు. ఊళ్ళో ఇన్ని జాజ్ రికార్డులు పోగేసిన మనిషి ఉన్నాడని ఎవరో చెప్పారట. మాస్టారు నన్ను గుండెకి ఆనించుకుని ఫొటో దిగారు. వాళ్ళు అడిగినవాటికి, అడగనివాటికి కూడా జవాబులు చెప్పారు. కచేరీలకి వెళ్ళడం ఎందుకు దండగో, రికార్డు ఎందుకు గొప్పదో అరగంట చెప్పారు. ఆఖర్న నా గురించి చెబుతూ, “మన ఊళ్ళో రికార్డయిన ఏకైక జాజ్ కచేరీ ఇది. ఎవడో మొద్దు మధ్యలో ‘ఆహా’ అని అరిచి పాడుచేశాడు గానీ, లేకపోతే ఆణిముత్యం” అన్నారు. జిల్లా పేజీలో అదంతా అక్షరం పొల్లుపోకుండా వేశారు. ఆయన ఆ కాగితం కత్తిరించి అలమర తలుపుకి అంటించుకున్నారు.

నాలుగో రోజు పొద్దున పదింటికి గుమ్మంలో ఒకావిడ నిలబడింది. నలభై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఆ పేపరు మడత ఉంది.

“త్రినాథం మాస్టారు మీరేనాండి?”

“నేనేనమ్మా. రికార్డులు చూడ్డానికి వచ్చారా? చెప్పులు అక్కడ విడిచి రండి. కాళ్ళు తుడుచుకోండి, దుమ్ము.”

“నా పేరు పైడితల్లండి. మజ్జి పైడితల్లి. టెలిఫోన్సులో పనిచేస్తన్నాను.” ఆవిడ కాళ్ళు తుడుచుకోలేదు. గుమ్మంలోనే నిలబడి పేపరు విప్పింది. “మీరిందులో మొద్దు అన్నారు చూడండి. ఆ మొద్దు మా నాన్నేనండి.”

అట్ట తొడుగులో ఉన్న నేను కూడా ఉలిక్కిపడ్డాను. హైమావతి గారు వంటింట్లోంచి వచ్చి, “లోపలికి రామ్మా, ఎండన పడి వచ్చావు” అని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చారు.

పైడితల్లి చెప్పింది విన్నాక నాకు నా కలలోని మనిషి మొదటిసారి మనిషిగా కనబడ్డాడు. పేరు మజ్జి లచ్చన్న. రైల్వే హాల్లో వంట మనిషి. ఆ సాయంత్రం టీలూ కట్లెట్లూ అందించే పని ఆయనది. హరికథ ఎక్కడుంటే అక్కడ లచ్చన్న ఉండేవాడట. ఆ రోజు ఖాళీ ట్రేతో గుమ్మం దగ్గర నిలబడిపోయి, నోరు ఆపుకోలేకపోయాడు. ఆ తర్వాత మూడు నెలలకి జ్వరం వచ్చి పోయాడు. పైడితల్లి అప్పుడు తల్లి కడుపులో ఉంది. రెండేళ్ళకి నా తోడబుట్టిన రికార్డు ఒకటి ఆ హాలుకి వచ్చినప్పుడు, నిద్రపోతున్న పిల్లని చంకనేసుకుని వెళ్ళి, వెనకాల నిలబడి ఒక్కసారి వింది ఆ తల్లి. ఆ రికార్డు ఎండకి వంకరపోయి పాడైపోయింది.

“అమ్మ పోయినేడు పోయిందండి. బతికున్నన్నాళ్ళూ చెప్పేది, మీ అయ్య గొంతు ప్లేటులో ఉందే, ఎక్కడో ఒక చోట ఉంటాదే అని. నాన్నకి ఫొటో ఒకటుందండి, అదీ సగం చెరిగిపోయింది. గొంతు ఎలాగుంటాదో నాకు తెలీదు. ఇరవై నాలుగేళ్ళు ఎక్సేంజిలో ఊళ్ళోవాళ్ళందరి గొంతులూ విన్నానండి. మా నాన్నది ఒక్కటే వినలేదు.” పేపరు మళ్ళీ మడిచింది. “మీరు తిట్టినందుకు నేనేం అనను. తిట్టబట్టే కదా దొరికింది. ఒక్కసారి వినిపించండి మాస్టారూ, చాలు.”

మాస్టారు లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు. నన్ను తీసి తుడిచి, రెండో వైపు పెట్టి, మూడో పాట మొదట్లో ముల్లు దింపారు. ఈసారి చెయ్యి ఎత్తకుండా, వేళ్ళు ఒళ్ళో బిగించుకుని కూర్చున్నారు. పైడితల్లి కుర్చీ అంచుకి జరిగింది. సన్నటి స్వరం వచ్చింది. ఇంకా సన్నబడింది. నలభై మూడేళ్ళ తర్వాత నా నోటికి మాట రాబోతోంది.

టక్కున ఒక చప్పుడు. ముల్లు గెంతేసింది. ఎప్పుడూ దింపే చోటికి వెళ్ళి పడి, ఏమీ ఎరగనట్టు పాట సాగిపోయింది.

ఆయన చేసిన పనే అది. ఎత్తి ఎత్తి అక్కడి గట్టు తెగిపోయింది. దారి లేని చోట ముల్లు జారి, అలవాటైన చోటికే పోతోంది. రెండోసారి పెట్టారు, అదే జరిగింది. ముల్లు మీద నాణెం బరువు పెట్టేవాళ్ళని జన్మలో క్షమించని మనిషి, హైమావతి గారి దగ్గర రూపాయి బిళ్ళ అడిగి తీసుకుని ప్లేయరు చెయ్యి మీద పెట్టారు. అప్పుడూ గెంతింది.

“పోయిందాండి?” అంది పైడితల్లి. ఏడుపు లేదు ఆ గొంతులో. ఏదో నంబరు కలవకపోతే ఫోను చేసినవాళ్ళకి చెప్పినట్టు మామూలుగా అడిగింది. నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

“పోలేదు. ఉంది. నేనే దారి చెడగొట్టాను” అన్నారు మాస్టారు. నన్ను కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూపించారు. “ఇదిగో, ఈ నల్లటి గీత కనిపిస్తోందా? మీ నాన్న ఇందులో ఉన్నారు. ముల్లు సరిగ్గా దీని మొదట్లో దింపాలి. ఇవతల పడితే గెంతుతుంది, అవతల పడితే దాటిపోతుంది.”

తనే దింపబోయారు. అవతల పడింది. మళ్ళీ ప్రయత్నించారు, ఇవతల పడి గర్రుమంది. నలభై మూడేళ్ళు ఆ జాగాని దాటించడంలో తిరుగులేని చెయ్యి, ఇప్పుడు ఆ జాగాలోకి వెళ్ళలేకపోతోంది. మూడోసారి ఎత్తి, గాల్లోనే ఆపేశారు.

“ఎక్సేంజిలో మీరేం చేసేవారమ్మా?”

“ముందు పై ఊళ్ళకి ఫోన్లు కలిపే ట్రంకు బోర్డు మీదండి. తీగలు తీసి చిల్లుల్లో గుచ్చడం. వరసకి వందేసి చిల్లులుంటాయి. చూడకుండా గుచ్చీసేవాళ్ళం.”

“అయితే రండి. మీరు దింపండి.”

హైమావతి గారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలోని గ్లాసు కింద పెట్టేసిన చప్పుడు నాకు వినిపించింది. పైడితల్లి వచ్చి, కొంగుకి చేతులు తుడుచుకుని, ప్లేయరు ముందు వంగింది. ఆ వేళ్ళు తగలగానే తెలిసింది, పని తెలిసిన వేళ్ళవి.

“నేను చూసి చెబుతాను. మీరు దింపండి. ఇంకొంచెం లోపలికి. ఆగండి, వెనక్కి, రవ్వంత. ఆఁ. అక్కడే. వదిలేయండి.”

ముల్లు దిగింది. చిటపట లేదు, గరగర లేదు. ఇన్నేళ్ళలో నా ఒంటి మీద అరగని చోటు అదొక్కటే. హాలంతా ఒక్కసారి తెరిచినట్టయింది. ట్రంపెట్టు స్వరం సన్నగా వెళ్ళి ఆగింది. గుమ్మం పక్క నుంచి, ఇప్పుడే అన్నట్టు, పడుచు గొంతు ఖంగుమంది.

“ఆహా!”

ఇక మిగతా అయిదు చుట్ల సంగతి. లియో డిమెల్లో ఆ గొంతు విన్నాడు. ఆగిన చోటు నుంచి ముందుకి పోలేదు. ఆ “ఆహా”లో మొదటి అక్షరం ఎంత పొడుగుందో, రెండోది ఎంత పైకి లేచిందో అంతా పట్టుకుని, ట్రంపెట్టుతో అచ్చం అలాగే తిరిగి అన్నాడు. ఆ-హా. హాలంతా గొల్లుమంది. డ్రమ్ములవాడు అదే దెబ్బ అందుకున్నాడు. లియో మళ్ళీ అన్నాడు, ఈసారి తలకిందులు చేసి, పైనుంచి కిందికి. గుమ్మం దగ్గర ఒక పెద్ద నవ్వు. ఆ నవ్వు కూడా లచ్చన్నదే. తర్వాత పాట సాగిపోయింది. కానీ ఆ తర్వాత సాగినదంతా ఆ రెండు స్వరాల మీదే కట్టింది. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండానే మాస్టారు ఇన్నాళ్ళూ ఆ రెండు స్వరాల్నీ మెచ్చుకుంటూ వచ్చారు.

పైడితల్లి ముల్లు ఎత్తింది.

“ఇంత గట్టిగా అరిచీవోడా మా నాన్న!” అంది. ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. “అమ్మ చెప్తే, పాపం మెల్లగా అన్నాడేమో అనుకున్నానండి. ‘ఒలమ్మీ, బూర దొర నాకు జవాబు సెప్పినాడే’ అని ఇంటికొచ్చి గెంతులేశాడట. అమ్మ చెప్పేది. నేను నమ్మలేదు, గొప్పకి చెప్పుకున్నాడు అనుకున్నాను.”

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. “ఇంట్లో పెట్టుకుని నలభై మూడేళ్ళు” అన్నారు. “నేను వినలేదమ్మా. ఒక్కసారి కూడా వినలేదు. ఆ పేపర్లో అన్నదానికి…”

“అది వదిలీండి. ఇంకోసారి పెట్టనా?”

“పెట్టండి.”

ఆ పొద్దున పదకొండుసార్లు పెట్టింది. అరుగుతుందని ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు. హైమావతి గారు మధ్యలో కాఫీ ఇచ్చి, చేతులు తుడుచుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయారు.

వెళ్ళేటప్పుడు మాస్టారు నన్ను తొడుగులో పెట్టి ఆవిడ చేతికి ఇవ్వబోయారు. ఆయన చేతిలోంచి వేరే చేతిలోకి వెళ్ళబోతున్నానని నాకు గుండె జారింది, నిజం చెప్పాలంటే.

“నాకెందుకండి? మా ఇంట్లో ఇది ఆడే పెట్టె లేదు. గోడకి తగిలించడానికా?” అంది పైడితల్లి. “మీ దగ్గరే ఉంచండి. ఆదివారం వస్తాను. మీరు చూసి చెప్పాలి, నేను దింపాలి. ఇద్దరం ఉంటే గాని పలికేలాగ లేడు మా నాన్న.”

అలా ఆదివారాలు మొదలయ్యాయి. నా కల మారలేదు గానీ, దాన్ని చూసేవాళ్ళు మారారు. ముల్లు తెగిన గట్టు దాకా వచ్చి టక్కున గెంతేది. అక్కడ మాస్టారు వేలు చూపేవారు, పైడితల్లి దింపేది. పాట అక్కడ ముక్కలై, మళ్ళీ అతుక్కునేది. మునుపటిలా ఒక్క ఊపున ఇక ఎప్పటికీ సాగదు. ఆ నష్టం ఆయనదే. ఆయనకి అది తెలుసు. మిగిలిన నాలుగు వందల పదకొండు మంది మీద కూడా తేమ ఆంక్షలు సడలాయి. రెండు మూడు వానల్లో కూడా అలమర తలుపు తెరుచుకుంది. అలమర మీది పేపరు ముక్క ఒక ఆదివారం ముందు రోజు మాయమైంది.

ఆ ఏడాది డిసెంబరులో, బీచి రోడ్డు హాల్లో గోవా నుంచి వచ్చిన జాజ్ బృందం వాయిస్తోందని పైడితల్లి కబురు తెచ్చింది. సాయంత్రం అయిదున్నరకి.

“కచేరీయా?” అన్నారు మాస్టారు. అలవాటుగా చెమట, దగ్గు అని మొదలుపెట్టి, సన్మానం దాకా రాకుండానే ఆగిపోయారు.

“ఎక్కడ చప్పట్లు కొట్టాలో నాకు తెలీదు, మీరు చెప్పాలి” అంది పైడితల్లి.

“నాకూ తెలియదమ్మా. నేను ఎన్నడూ పూర్తిగా ఒకటి విన్నది లేదు.”

హైమావతి గారు అప్పటికే చీర మార్చుకుని వచ్చేశారు. ముగ్గురూ ఆటో ఎక్కి వెళ్ళారు. నన్ను ప్లేయరు మీదే వదిలేశారు, మూత కూడా వేయలేదు. కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చి నా మీద ఇంత దుమ్ము పోసింది. మొదటిసారి ఎవరూ తుడవని దుమ్ములో, మెలకువగా పడుకున్నాను. తొడుగు లేకుండా ఒక గదిని అంతసేపు చూడటం నాకదే మొదలు. కుర్చీ ఖాళీగా ఉంది. అలమర తలుపు ఓరగా ఉంది.

ఎనిమిది కాకముందే వచ్చేశారు. మాస్టారు లోపలికి వస్తూ ఏదో అనబోయారు, గొంతు పెగల్లేదు. బొంగురుగా గాలి మాత్రం వచ్చింది. పైడితల్లి చెప్పులు విడుస్తూనే నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

“అమ్మగారూ, కాసిన్ని ఉప్పునీళ్ళు వెచ్చబెట్టండి. పుక్కిలిస్తే గాని మాస్టారికి రేపటికి గొంతు రాదు.”

“ముందు వరసలో కూర్చుని అదేం పనండీ, అందరూ మనవైపే చూశారు” అని హైమావతి గారు విసుక్కుంటూనే స్టవ్ వెలిగించారు. ఆవిడ కూడా నవ్వుతున్నారని గొంతులో తెలిసిపోతోంది.

మాస్టారు కుర్చీలో కూర్చుని చాలాసేపు నా వైపు చూశారు. వెలిగిపోతున్న మొహం, చెమటకి అంటుకుపోయిన చొక్కా. వేలితో నా మీది దుమ్ము తుడిచారు. చేతులు కడుక్కోలేదు. ముల్లు ఎత్తలేదు, ఏదీ పెట్టలేదు. ఆ సాయంత్రం అక్కడ ఏం వాయించారో, ఆయన ఎక్కడ ఏమన్నారో, దానికి వాళ్ళు ఏం జవాబు చెప్పారో నాకు తెలియదు. ఆ కచేరీని ఎవరూ రికార్డు చేయలేదట.